మూత్రమార్గ వ్యాధి: ఎవరికి సోకును, ఏల సోకును

వేసవి దినములలో మన ఇండ్లయందు తరచుగా వినవచ్చు మాట ఒకటి కలదు: “ఒంటికి వేడి చేసినది.” మూత్రము పోవునపుడు మంట, మాటిమాటికి పోవలెననిపించుట, పోయినను నాలుగు చుక్కలకంటె రాకుండుట, పొత్తికడుపున నొప్పి, ఈ బాధలన్నిటికిని మనవారు పెట్టిన పేరు వేడి. దానికి విరుగుడుగా పలుచని మజ్జిగ, బార్లీ నీళ్ళు, సబ్జా గింజల నీరు, కొబ్బరినీరు ఇచ్చుట వాడుక. ఒంటిలో నీరు చాలక, మూత్రము చిక్కబడి మంట పుట్టినప్పుడు ఈ పానీయములు మేలు చేయును. కాని ఆ మంటకు కారణము సూక్ష్మక్రిమి అయినచో మజ్జిగతో అది నశింపదు. వేడియే కదా యని ఉపేక్షించినచో ఆ క్రిమి మూత్రాశయమునుండి మూత్రపిండముల వరకు ప్రాకవచ్చును.

ఈ వ్యాధి ముదురుటకు సిగ్గు మరియొక కారణము. తలనొప్పి వచ్చినదని చెప్పుకొనినట్లు మూత్రపు మంటను గూర్చి చెప్పుకొనుటకు స్త్రీలు జంకుదురు. అత్తగారితో చెప్పలేరు, భర్తతో చెప్పలేరు, వైద్యుడు పురుషుడైనచో ఆయనతోను చెప్పలేరు. జ్వరమువచ్చి వణకు పుట్టినపిదప గాని సంగతి బయటపడదు. కావున ఈ వ్యాధి ఎట్లు కలుగును, ఎవరికి ఎక్కువగా సోకును, మన చేతిలోనున్న జాగ్రత్తలు ఎవ్వి అను విషయములను ఈ పాఠమున సులభముగా వివరింపబడుచున్నవి. పట్టణములలో దీనినే ‘యూరిన్ ఇన్‌ఫెక్షన్’ అనుచున్నారు.

మూత్రమార్గ నిర్మాణము

మన నడుముకు పైగా, వెన్నెముకకు ఇరుప్రక్కల, చిక్కుడుగింజ ఆకారమున రెండు మూత్రపిండములు కలవు. ఇవి ఒక దినమున సుమారు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడగట్టి, అందు చాల భాగమును మరల రక్తమునకే ఇచ్చివేసి, మిగిలిన ఒకటి రెండు లీటర్లను మాత్రము మూత్రముగా విడుచును. ఆ మూత్రము రెండు సన్నని నాళముల ద్వారా క్రిందికి దిగి, పొత్తికడుపునందలి మూత్రాశయమను సంచిని చేరును. పెద్దవారి మూత్రాశయము సామాన్యముగా 400 నుండి 500 మిల్లీలీటర్ల వరకు పట్టును. అచ్చటినుండి మూత్రము ఒక చిన్న గొట్టము ద్వారా వెలుపలికి పోవును. ఈ చివరి గొట్టమే క్రిములు లోనికి వచ్చు ద్వారము.

క్రిమి ఎచ్చటినుండి వచ్చును

ఈ వ్యాధిని కలిగించు క్రిములలో ముఖ్యమైనది ‘ఎశ్చరీషియా కోలై’. ‘ఈ. కోలై’ యని దీనిని క్లుప్తముగా పిలుతురు. శిశువుల మలమును పరీక్షించుచు, 1885వ సంవత్సరమున దీనిని మొదట వర్ణించినవాడు థియోడర్ ఎష్చెరిక్ అను శిశువైద్యుడు. సామాన్యముగా వచ్చు మూత్రాశయ వ్యాధులలో నాల్గింట మూడువంతులు దీనివలననే కలుగుచున్నవి.

ఈ క్రిమి వెలుపలినుండి దండెత్తివచ్చు శత్రువు కాదు. మన ప్రేవులలోనే, మనకు హాని చేయక, ఎల్లప్పుడు నివసించుచుండును. మలద్వారము ప్రక్కనున్న చర్మముమీదికి చేరి, అచ్చటినుండి మూత్రద్వారమునకు ప్రాకి, లోనికి ఎక్కినప్పుడు మాత్రమే వ్యాధికారకమగును. దాని ఒంటిమీద కంటికి కానరాని నూగువంటి తంతువులుండును. వాని సాయమున అది మూత్రాశయపు గోడను పట్టుకొని వృద్ధిపొందును.

అట్లని క్రిమి చేరినంతనే వ్యాధి రాదు. మూత్రము ధారగా వెలువడునప్పుడెల్ల ఆ ప్రవాహము క్రిములను కడిగివేయుచుండును. పారు కాలువలో పాచి నిలువదు, కదలని గుంటలో పాచి పట్టును. ఈ ఒక్క పోలికను మనస్సున నుంచుకొన్నచో, ఇక ముందు చెప్పబోవు కారణములన్నియు సులభముగా బోధపడును. క్రిమికి లోనికి వచ్చుట ఏది సులభము చేయునో, మూత్రము నిలువయుండునట్లు ఏది చేయునో, శరీరబలమును ఏది తగ్గించునో, అదియే ఈ వ్యాధికి దారి.

స్త్రీలకు ఏల ఎక్కువ

పురుషుల మూత్రపు గొట్టము పొడవు సుమారు 20 సెంటీమీటర్లు. స్త్రీలలో అది సుమారు 4 సెంటీమీటర్లు మాత్రమే. పైగా ఆ ద్వారము మలద్వారమునకు సమీపముననే యుండును. కావున క్రిమికి దారి దగ్గర. స్త్రీలలో సగముమంది తమ జీవితకాలమున ఒక్కమారైనను ఈ వ్యాధికి లోనగుదురు. ఇంత సాధారణమైన వ్యాధికి సిగ్గుపడుట తగదు.

కొత్తగా పెండ్లియైన యువతులకు ఇది తరచుగా వచ్చును. దాంపత్య సంబంధము వలన ద్వారము చెంతనున్న క్రిములు లోనికి నెట్టబడుటయే దీనికి కారణము. అంతమాత్రమున ఇది సుఖవ్యాధి కాదు. దంపతులలో ఎవరి నడతను గాని దీనినిబట్టి శంకింపరాదు. కొన్ని కుటుంబములలో ఈ అనుమానము వలన కలహములు పుట్టి, రోగికి చికిత్స లేకపోగా నిందయు మిగులుచున్నది. సంతాన నిరోధమునకై వాడు క్రిమిసంహారక లేపనములు కొన్ని, మేలుచేయు సహజ క్రిములను చంపి, ఈ వ్యాధికి తావిచ్చును. తరచుగా బాధపడువారు వేరు పద్ధతిని గూర్చి వైద్యుని అడుగవచ్చును.

ముట్టు నిలిచిన పెద్ద వయస్సు స్త్రీలలో ఈస్ట్రోజెన్ అను రసము తగ్గిపోవును. దానివలన యోనిమార్గమున కాపలాయుండు మేలి క్రిములు క్షీణించి, హానిచేయు క్రిములకు చోటు దొరకును. తల్లికి గాని, తోబుట్టువులకు గాని ఈ వ్యాధి పదేపదే వచ్చియున్నచో, అట్టి స్త్రీలు మరింత జాగరూకులై యుండవలెను.

నీరు త్రాగకుండుట, మూత్రము బిగబట్టుట

మనదేశమున ప్రత్యేకముగా ఆలోచింపవలసిన కారణమిది. ఒక వరి నాట్ల దినమును తలచుకొనుడు. కూలికి వెళ్ళు స్త్రీ తెల్లవారకముందే ఇల్లు వెడలును. పొలమున చాటైన చోటు లేదు. గట్టుమీద పురుషులు తిరుగుచుందురు. కనుక ఆమె మధ్యాహ్నము వరకు గ్రుక్కెడు నీరైన త్రాగదు. దాహము వేసినను ఓర్చుకొనును, ఏలన నీరు త్రాగినచో ఒంటికి పోవలసివచ్చును. సాయంకాలము ఇల్లు చేరువరకు బిగబట్టుకొనియుండును. ఇట్లు దినదినము జరుగుచుండును.

పొలములోనే కాదు. పాఠశాలలో మరుగుదొడ్డి లేకున్నను, ఉన్నదానికి నీరు గాని, గొళ్ళెము గాని లేకున్నను, బాలికలు ఉదయమునుండి సాయంకాలము వరకు నీరు మానివేయుదురు. కట్టడములయొద్ద ఇటుకలు మోయు స్త్రీలు, బట్టల అంగళ్ళలో దినమెల్ల నిలుచుండి పనిచేయు యువతులు, దూరప్రయాణము చేయువారు, బండ్లు నడపువారు, అందరిదియు ఇదే కథ. కొన్ని ఇండ్లలో మరుగుదొడ్డి యున్నను నీరు దూరమునుండి మోయవలసివచ్చుటచే ఆడవారే పొదుపు చేయుదురు.

మూత్రమును ఆపుకొనుట ఒక్కటే వ్యాధిని పుట్టింపదు. క్రిమి లేనిది వ్యాధి లేదు. కాని ఆపుకొన్న మూత్రము లోనికి చేరిన క్రిమికి తీరిక నిచ్చును. తక్కువ నీరు త్రాగినచో కడిగివేయు ప్రవాహమే యుండదు. ఈ రెండును చేరినప్పుడు అపాయము హెచ్చును.

నీటి ప్రభావమును తెలుపు పరిశోధన యొకటి 2018వ సంవత్సరమున ప్రకటింపబడినది. బల్గేరియా దేశమున, ఏడాదిలో మూడు లేక అంతకు మించి సార్లు ఈ వ్యాధి వచ్చియుండి, దినమునకు లీటరున్నరకంటె తక్కువ ద్రవము త్రాగు అలవాటు గల 140 మంది స్త్రీలను ఎన్నుకొనిరి. వారిలో సగముమందిని, అలవాటుగా త్రాగుదానికి తోడు దినమునకు మరి లీటరున్నర నీరు త్రాగుమనిరి. మిగిలినవారు ఎప్పటివలెనే యుండిరి. ఒక సంవత్సరము గడచుసరికి, అధికముగా నీరు త్రాగినవారికి సగటున 1.7 సార్లును, త్రాగనివారికి 3.2 సార్లును వ్యాధి వచ్చెను. ఖర్చులేని నీరు వ్యాధిని సుమారు సగమునకు తగ్గించినది.

కాని “అమ్మా, నీరు త్రాగుము” అని ఆమెకు బోధించి ఊరకుండుట న్యాయము కాదు. నీరు త్రాగినపిదప పోవుటకు చోటును చూపవలెను. పనిచోట్ల స్త్రీపురుషులకు వేర్వేరు మరుగుదొడ్లుండవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే విధించినది. ప్రతి పాఠశాలలో బాలబాలికలకు వేర్వేరుగా ఉండవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. పొలమున కూలీలను పెట్టు రైతు ఒక మూలను నాలుగు తడికలు కట్టించి, ఒక కుండ నీరుంచినను చాలును. దానికగు వ్యయము స్వల్పము, దానివలన తప్పు బాధ అనల్పము.

గర్భిణుల విషయము

గర్భము ధరించినప్పుడు శరీరమున కలుగు మార్పులవలన మూత్రనాళములు సడలి వెడల్పగును. పెరుగుచున్న గర్భాశయము వానిని ఒత్తుటచే మూత్రము మెల్లగా దిగును. కావున క్రిములు పైకి ఎక్కుట సులభమగును.

ఇందొక విశేషము కలదు. 100 మంది గర్భిణులలో 2 నుండి 10 మంది వరకు, మంటగాని నొప్పిగాని లేకయే మూత్రమున క్రిములుండును. ఇతరులలోనైనచో దీనిని సామాన్యముగా పట్టించుకొనపని లేదు. గర్భిణులలో నట్లు కాదు. చికిత్స చేయకున్నచో వారిలో సుమారు నాల్గవవంతు మందికి మూత్రపిండములకు వ్యాధి ప్రాకవచ్చును. దానివలన నెలలు నిండకమునుపే కాన్పు అగుట, తక్కువ బరువుగల శిశువు పుట్టుట సంభవింపవచ్చును. కావున బాధ లేకున్నను, తొలిమాసములలోనే మూత్రపరీక్ష చేయించుకొనవలెను. ఆల్బుమిను, చక్కెర ఉన్నవో లేవో చూచు పరీక్ష వేరు, క్రిములను పెంచి చూచు ‘కల్చర్’ పరీక్ష వేరు. రెండవదియు అవసరమా యని వైద్యురాలిని అడిగి తెలిసికొనవలెను.

పసిపిల్లలు

మాటరాని శిశువు మంటయని చెప్పలేదు. జలుబు, దగ్గు, విరేచనములు లేకయే జ్వరము వచ్చినను, పాలు త్రాగక వాంతి చేసికొన్నను, మూత్రము పోయునపుడు ఏడ్చినను, ఈ వ్యాధిని తలపవలెను. పుట్టుకతోనే కొందరు బిడ్డలకు మూత్రాశయమునుండి మూత్రము వెనుకకు, మూత్రపిండముల వైపు ఎగదన్నును. అట్టివారికి వ్యాధి పలుమారులు వచ్చినచో మూత్రపిండములపై మచ్చలు కట్టి, పెద్దయైనపిదప రక్తపుపోటునకు కారణము కావచ్చును. మలబద్ధకము గల పిల్లలకును ఈ వ్యాధి ఎక్కువ, ఏలన నిండిన ప్రేవు మూత్రాశయమును ఒత్తి, అది పూర్తిగా ఖాళీకాకుండ చేయును.

ఇతర కారణములు

మధుమేహము గలవారికి శరీరబలము తగ్గుటయే గాక, ఏండ్లు గడచినకొలది మూత్రాశయపు నరములు మొద్దుబారి, మూత్రము కొంత లోపలనే మిగిలిపోవును. చక్కెరను అదుపున నుంచుకొనుటయే వారికి మొదటి రక్ష.

మూత్రమార్గమున రాళ్ళున్నచో ప్రవాహమునకు అడ్డగును. ఆ రాళ్ళ సందులలో మందునకు అందక క్రిములు దాగియుండును. రాయిని తొలగింపక మందులు మాత్రము వాడినచో వ్యాధి మరల మరల వచ్చుచుండును.

ఏబది ఏండ్లు దాటిన పురుషులలో ప్రోస్టేటు గ్రంథి పెరిగి మూత్రమార్గమును నొక్కును. ధార సన్నగిలుట, రాత్రివేళ పలుమారులు లేవవలసివచ్చుట, పోసినను ఇంకను మిగిలియున్నట్లు తోచుట దీని గుర్తులు. ముసలితనమున ఇది సహజమని మిన్నకుండక వైద్యునకు చూపవలెను. పురుషులకు మూత్రమార్గ వ్యాధి అరుదు గనుక, వచ్చినప్పుడు దాని మూలకారణమును వెదకవలెను.

ఆసుపత్రిలో మూత్రము పోవుటకై అమర్చు గొట్టము క్రిములకు నిచ్చెన వంటిది. అది యుంచిన ప్రతి దినమును 100 మందిలో 3 నుండి 7 మందికి మూత్రమున క్రిములు చేరును. కావున అక్కరతీరినంతనే తీయించవలెను. సంచిని ఎల్లప్పుడు మూత్రాశయముకంటె క్రిందుగా నుంచవలెను. దానిని తాకుటకు ముందును, పిదపను చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

ఎప్పుడు వైద్యునియొద్దకు పోవలెను

మంట, మాటిమాటికి మూత్రము, పొత్తికడుపు నొప్పి, మూత్రము మబ్బుగానుండుట, దుర్వాసన లేక రక్తపు చారలు: ఇవి మూత్రాశయమునకు వ్యాధి సోకినదని తెలుపును. ఒకటి రెండు దినములలో వైద్యునికి చూపవలెను. చలివణకుతో జ్వరము, ప్రక్కటెముకల క్రింద వీపున నొప్పి, వాంతులు కలిగినచో వ్యాధి మూత్రపిండములకు చేరినదని యెంచి, ఆనాడే ఆసుపత్రికి పోవలెను. గర్భిణులు, పసిపిల్లలు, మధుమేహరోగులు ఏ చిన్న గుర్తు కనబడినను జాగు చేయరాదు. ముసలివారిలో మంటకు బదులు తబ్బిబ్బు, నీరసము మాత్రమే కానవచ్చుటయు కలదు.

పరీక్షకు మూత్రమును పట్టునప్పుడు ముందుగా ఆ భాగమును నీటితో కడుగుకొని, మొదటి ధారను విడిచివేసి, నడిమి ధారను శుభ్రమైన డబ్బాలో పట్టవలెను. పట్టినపిదప జాగులేక ఇచ్చివేయవలెను. గంటలతరబడి బయట నుంచినచో క్రిములు పెరిగి పరీక్ష తప్పుదారి పట్టించును. కల్చర్ పరీక్ష ఫలితమునకు సుమారు రెండు దినములు పట్టును. ఏ క్రిమి యున్నది, అది ఏ మందునకు లొంగును అను సంగతి దానివలన తెలియును.

మందుల విషయమున ఒక హెచ్చరిక

పొరుగింటి ఆమెకు నయమైన మాత్రలను మందుల అంగడిలో అడిగి కొని, రెండు దినములు మ్రింగి, మంట తగ్గగానే మానివేయుట మనయందు పెరిగిన దురలవాటు. సగము చచ్చిన క్రిములలో బలమైనవి మిగిలి, ఆ మందునకు లొంగనివై వృద్ధిపొందును. సిప్రోఫ్లాక్సాసిన్ వంటి పేరుపొందిన మందులకు సైతము లొంగని ఈ. కోలై నేడు మన ఆసుపత్రులలో విస్తారముగా కనబడుచున్నదని భారత వైద్య పరిశోధన మండలి ప్రకటించు నివేదికలు తెలుపుచున్నవి. ఈ అపాయమును గుర్తించియే కొన్ని క్రిమినాశక మందుల విక్రయమును ప్రత్యేక పుస్తకమున నమోదు చేయవలెనని 2013వ సంవత్సరమున ప్రభుత్వము నియమము చేసినది. వైద్యుడు వ్రాసిన మందును, వ్రాసినన్ని దినములు వాడవలెను. గర్భిణులు ఆ సంగతిని మొదటనే చెప్పవలెను, ఏలన కొన్ని మందులు శిశువునకు హానికరములు.

ఇదే రీతిగా, బాధయేమియు లేని ముసలివారి మూత్రపరీక్షలో క్రిములు కనబడినవని మాత్రమే క్రిమినాశక మందులు వాడుట సామాన్యముగా అనవసరము.

గుర్తుంచుకొనదగిన జాగ్రత్తలు

1. మూత్రము లేతపసుపు వన్నెగా నుండునంత నీరు దినమును త్రాగవలెను. గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు గలవారు మాత్రము ఎంత త్రాగవలెనో వైద్యుని అడుగవలెను.

2. మూత్రము వచ్చినపుడు ఆపుకొనరాదు. మూడు నాలుగు గంటల కొకసారి, తొందరపడక, పూర్తిగా పోయవలెను.

3. మలవిసర్జన పిదప ముందునుండి వెనుకకు కడుగుకొనవలెను. ఆడపిల్లలకు చిన్ననాటనే ఈ అలవాటు నేర్పవలెను.

4. దంపతులు కలిసిన పిదప మూత్రము పోయుట మంచి అలవాటు, దానివలన నష్టమేమియు లేదు.

5. యోనిమార్గమును ఘాటైన సబ్బులతోను, మందునీళ్ళతోను లోపల కడుగరాదు. వెలుపల మంచినీటితో కడిగిన చాలును.

6. ముట్టు దినములలో గుడ్డనుగాని, ప్యాడునుగాని తరచుగా మార్చవలెను. గుడ్డను ఉతికి ఎండలో ఆరవేయవలెను.

7. ఆరు నెలలలో రెండుమారులు గాని, ఏడాదిలో మూడుమారులు గాని వ్యాధి తిరుగబెట్టినచో, రాళ్ళు, మధుమేహము మొదలగు మూలకారణములకై పరీక్షలు చేయించుకొనవలెను.

ఈ జాగ్రత్తలలో కొన్ని రోగి చేతిలో నున్నవి. కొన్ని ఇంటి యజమాని చేతిలో, పాఠశాల ఉపాధ్యాయుని చేతిలో, పని యిచ్చువారి చేతిలో నున్నవి. ఇంటనున్న స్త్రీ నీరు త్రాగుట మానినదా, మంటను దాచుకొనుచున్నదా యని అడుగుట ఇంటివారి విధి. అడిగినప్పుడు దాచక చెప్పుట ఆమె హక్కు. ఆమె ఆ ఒక్కమాట సకాలమున చెప్పగలిగినచో, కొద్దిదినముల మందుతో తీరవలసిన బాధ మూత్రపిండముల వరకు పోదు. మీ గ్రామమున ఆశా కార్యకర్త గాని, సమీపమున ప్రాథమిక ఆరోగ్య కేంద్రము గాని యున్నచో, ఈ విషయమున సంకోచింపక వారిని సంప్రదింపుడు.